7 వేలు పోసి ఉమ్మి పంపిస్తే ఏం తెలిసింది

డబ్బాలో ఏముందండీ అని కొరియర్ కుర్రాడు అడిగితే ఏం చెప్పాలో తోచక మందులు అన్నాను. ఉన్నది నా ఉమ్మి. మన పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారో డీఎన్ఏ చూసి చెప్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్మే కిట్ అది, కంపెనీ పేరు రాయను, అమలాపురం నుంచి రెండు సార్లు పంపాల్సొచ్చింది. అరగంట ముందు నుంచీ ఏమీ తినకూడదు తాగకూడదని లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది, అది నా కంట పడేసరికి కాఫీ అయిపోయింది, మొదటి శాంపిల్ పనికిరాదన్నారు. తప్పు నాదే అనుకోండి. ఆరు వారాలన్న రిపోర్టు మూడు నెలలకి రావడం మాత్రం నా తప్పు కాదు.

తెరవగానే రంగుల మ్యాపు, దక్షిణ భారతం 96 శాతం అని. కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని, ఈ ముక్కకి 7 వేలా? మిగతా 4 శాతం మధ్య ఆసియా అన్నారు, రెండు నెలలకి అప్‌డేట్ అని అదీ తీసేశారు. ఈలోగా మా తమ్ముడు మనకి సమర్కండ్‌లో పొలాలున్నాయని ఫ్యామిలీ గ్రూపులో చాటింపు వేసేశాడు. ఇప్పటి మనుషుల శాంపిల్స్‌తో పోల్చి నువ్వు ఎవరికి దగ్గరో కట్టే లెక్క ఇది, వాళ్ళ దగ్గర మనవాళ్ళ శాంపిల్స్ తక్కువుంటే లెక్క కూడా మోటుగానే వస్తుంది. 2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళు అమెరికా వాళ్ళతో కలిసి మన దేశంలో 25 సమూహాల నుంచి 132 మంది డీఎన్ఏ చూసి, మనలో దాదాపు అందరం రెండు పాత జనాల కలయికేనని తేల్చారు. ఆ కలయిక 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందట జరిగిందనీ, తర్వాత ఎవరి కులంలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోవడం మొదలైందనీ 2013లో ఇంకో పేపర్ వచ్చింది. నాకు కావలసింది ఇదీ, రిపోర్టులో దీని ఊసే లేదు.

మా నాన్నగారైతే గోత్రం వస్తుందేమోనని కళ్ళజోడు పెట్టుకుని మరీ కూర్చున్నారు. తండ్రి వరస తెలియాలంటే వై క్రోమోజోమ్ అనే డీఎన్ఏ ముక్క కావాలి, అది తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది, కాబట్టి నా రిపోర్టులో ఆ పేజీ ఖాళీ. ఆడవాళ్ళు కొంటే ఆ పేజీ రాదని కొనేముందు ఒక్క ముక్క చెప్పొచ్చుగా!

డబ్బులు గిట్టింది అమ్మ వరస పేజీలో. కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగానికి విడిగా ఉండే డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. 1987లో అమెరికాలోని బర్కిలీలో 147 మంది శాంపిల్స్, దాదాపు అన్నీ పురిటి మాయలే, పోల్చి చూస్తే అందరి తల్లి వరసలూ సుమారు 2 లక్షల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో ఒక ఆడమనిషి దగ్గర కలిశాయి. నాది ఎం2 అని వచ్చింది, తల్లి వరసల కొమ్మలకి పరిశోధకులు పెట్టుకున్న పేర్లలో ఇదొకటి. మన దేశంలో తల్లి వరసల్లో 60 శాతం దాకా ఎం కొమ్మవే, ఆఫ్రికా దాటొచ్చిన ఎల్3 అనే ఇంకా పాత కొమ్మ నుంచి పుట్టింది అది. అందులో ఎం2 మన దగ్గరే, ఎక్కువగా దక్షిణాదిలో, ఎన్నో వేల ఏళ్ళుగా ఉన్న పాత రెమ్మ. 2003లో చెంచుల్నీ కోయల్నీ చూసిన పరిశోధకులు తెగల్లోనూ కులాల్లోనూ ఆ పాత వరసలే ఉన్నాయని రాశారు. ఇదంతా చదివి వినిపిస్తే రాజోలు అమ్మమ్మ, "అయితే చింతూరు వైపు కోయోళ్ళు మనకి చుట్టాలేనన్నమాట, మరి ఒక్క పెళ్ళికీ పిలవలేదేవిటే?" అంది. అయితే పది తరాలు వెనక్కెళ్తే మనకి 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి, ఈ పేజీ చెప్పేది అందులో ఒక్కావిడ గురించే. వంశవృక్షం అంతా దొరికిందనుకోకండి.

5కి 3 ఇస్తాను. శాతాల మ్యాపు ఒక్కటే ఇచ్చే చౌక ప్యాక్ జోలికి వెళ్ళకండి, తల్లి తండ్రి వరసలు రెండూ ఇచ్చేది చూసుకుని ఇంట్లో మగపిల్లాడి చేత ఉమ్మించండి. తమ్ముడి కిట్ నిన్న వచ్చింది. వాడికి పొద్దున్నే కాఫీ ఇవ్వొద్దని అమ్మకి చెప్పి పడుకున్నాను, లేచి చూస్తే వీధి అరుగు మీద గ్లాసుతో ఉన్నాడు.