మెదడు రక్తనాళాల ఎంఆర్ఐకి ఫాస్ట్ ఆప్షన్: చాలాకాలం వాడాక రాస్తున్నా

విజయవాడ సూర్యారావుపేటలో ఒక స్కాన్ సెంటర్‌లో ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. మా 1.5 టెస్లా (అయస్కాంతం బలం) మెషిన్‌కి కంప్రెస్డ్ సెన్సింగ్, అంటే తక్కువ డేటాతోనే బొమ్మ కట్టి స్కాన్ టైం తగ్గించే ఫాస్ట్ ఆప్షన్, వేయించి ఏళ్లయింది. సేల్స్‌వాళ్లు చెప్పనివి కొన్ని చెప్తా.

మేం ఎక్కువగా చేసేది ఇంజెక్షన్ అక్కర్లేని టీఓఎఫ్ (టైమ్ ఆఫ్ ఫ్లైట్), రక్తం పారడాన్ని బట్టే నాళాల్ని చూపించే స్కాన్. కదలని కణజాలం పదే పదే రేడియో పల్సులు తగిలి మసకబారుతుంది, కొత్తగా లోపలికి వచ్చే రక్తం తెల్లగా వెలుగుతుంది. సన్నని నాళాలు బాగా రావాలంటే పాత పద్ధతిలో ఆరేడు నిమిషాలు పట్టేది. పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని "బాబాయ్ గారూ, తల కదపకండి" అని ఎంత బతిమాలినా మధ్యలో ఒక్కసారి కదిపితే చాలు, త్రీడీ స్కాన్ కదా, బొమ్మ మొత్తం చెదిరిపోతుంది. ఇప్పుడు దాదాపు సగం టైంలో అయిపోతోంది. ఇలాంటివాళ్లకి నిజంగా వరమే.

స్కాన్ వేగం పెంచడానికి అంతకుముందు నుంచీ ఉన్న పారలల్ ఇమేజింగ్‌లో (చాలా కాయిల్స్‌తో ఒకేసారి సిగ్నల్ పట్టే పద్ధతి) వేగం రెండింతలు చేస్తే సిగ్నల్ నాణ్యత కనీసం 1.4 రెట్లు పడిపోతుంది, బొమ్మ నిండా గ్రెయిన్స్ (ఇసక చల్లినట్టు చుక్కలు). 2007లో లస్టిగ్, డొనోహో, పాలీ అనే పరిశోధకులు చూపించిన ఈ కంప్రెస్డ్ సెన్సింగ్ పద్ధతి వేరు. నాళాల బొమ్మలో ముఖ్యమైన సమాచారం కొన్ని చోట్లే ఉంటుంది కాబట్టి డేటా అక్కడక్కడా తీసుకుని మిగతాది లెక్కగడుతుంది.

ఇబ్బందల్లా స్పీడ్ ఫ్యాక్టర్ మరీ పెంచినప్పుడే. గ్రెయిన్స్ ఉంటే కనీసం అనుమానం వస్తుంది, ఇది మాత్రం సున్నం కొట్టిన గోడలా నున్నగా కనిపిస్తూనే చివరి సన్న కొమ్మల్ని మింగేస్తుంది! మా రేడియాలజిస్ట్ మేడమ్ అందుకే ఎంఐపీ (నాళాలన్నీ కలిపి ఒకే బొమ్మగా చూపేది) ఒక్కటే చూసి రిపోర్ట్ రాయరు, సోర్స్ ఇమేజెస్ (దాని వెనక ఉన్న అసలు పొరల బొమ్మలు) కూడా తిప్పుతారు. రక్తం నెమ్మదిగా పారే చోట నాళం కనిపించకపోవడం, సన్నబడ్డ చోట ఉన్నదానికన్నా ఎక్కువ మూసుకుపోయినట్టు కనిపించడం టీఓఎఫ్‌కి పుట్టుకతో వచ్చిన లోపాలు, ఏ ఫాస్ట్ ఆప్షనూ వాటిని తీర్చదు.

ఇంకోటి, స్కాన్ త్వరగానే అవుతుంది కానీ బొమ్మ తయారవడానికి కంప్యూటర్ కాసేపు తింటుంది. పేషెంట్‌ని దింపేముందు బొమ్మ చూసుకుందామంటే ఎదురుచూడాల్సిందే, బయట అటెండర్లేమో తలుపు కొడుతుంటారు.

చిన్న అన్యూరిజం (నాళం గోడ బుడగలా ఉబ్బడం) అనుమానం ఉండి, మనిషి కదలకుండా పడుకోగలిగితే నేను ఇప్పటికీ ఆరేడు నిమిషాల పాత పద్ధతే వేస్తా. ఫాలోఅప్‌కి వస్తే పోయినసారి ఏ సెట్టింగ్‌తో చేశామో అదే, లేకపోతే తేడా జబ్బుదో సెట్టింగ్‌దో తేలదు. ఐదుకి నాలుగు స్టార్లు.