నెట్-ఎస్ఎన్ఎంపీ ఏజెంట్: ఏళ్ల వాడకం తర్వాత

కావలి చుట్టుపక్కల ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న సంస్థలో నెట్‌వర్క్ నిర్వహణ చూస్తాను. మా సర్వర్లన్నింటిలో నెట్-ఎస్ఎన్ఎంపీ ఏజెంటే నడుస్తోంది; ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతిలో దూరం నుంచి అడిగితే ఆ మెషీన్ లెక్కలు చెప్పే ప్రోగ్రామ్ ఇది. ఊళ్లలోని స్విచ్చులను ఆరా తీసేదీ అదే ప్యాకేజీలోని పనిముట్లతోనే. ఉచితం, తేలిక; ఒకసారి నిలబెడితే మళ్లీ దాని వంక చూడాల్సిన పని ఉండదు. దీన్ని మార్చే ఆలోచన నాకు లేదు. పేచీ అంతా అది ఇచ్చే జవాబులతోనే.

అన్నిటికంటే విసిగించేది దాని మౌనం. ప్రశ్నతో పంపే కమ్యూనిటీ పేరు (సంకేతపదం లాంటిది) తప్పయితే తప్పని చెప్పదు, ప్యాకెట్టును పారేసి ఊరుకుంటుంది. మనకు కనిపించేది టైమౌట్. ఎస్ఎన్ఎంపీ ప్రశ్నలు వచ్చే యూడీపీ 161 పోర్టును ఫైర్‌వాల్ అడ్డుకున్నా అదే టైమౌట్. ఊరూపేరూ తెలియనివారికి ఆచూకీ ఇవ్వకూడదన్న ఉద్దేశం మంచిదే, కానీ అర్ధరాత్రి అల్లూరు వైపు నుంచి ఫోన్లు మోగుతుంటే దాన్ని మెచ్చుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? ఏజెంట్ ఉన్న మెషీన్‌లోనే వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెట్టి చూస్తే తేలిపోతుంది. ప్రశ్న వచ్చినా జవాబు వెళ్లకపోతే ఏజెంటునో దాని సెట్టింగులనో ఆ మెషీన్‌లోని ఫైర్‌వాల్‌నో చూడాలి. ప్రశ్నే రాకపోతే దారిలో ఎక్కడ ఆగిందో వెతకాలి.

ఉబుంటు ప్యాకేజీతో వచ్చే సెట్టింగులు మరీ పిసినారివి. ఏజెంట్ సొంత మెషీన్ నుంచి వచ్చే ప్రశ్నలను మాత్రమే (127.0.0.1 వంటి చిరునామాలో) వింటుంది. దాన్ని మార్చినా, విలువలకుండే అంకెల చిరునామాల్లో 1.3.6.1.2.1.1 కింద ఉన్నవీ 1.3.6.1.2.1.25.1 కింద ఉన్నవీ తప్ప ఏవీ చూపదు. ఇంటర్‌ఫేసుల లెక్కలు అడిగితే ఇక ఏమీ లేదంటుంది. లేక కాదు, చూసే అనుమతి మనకు లేక. వ్యూ (ఏవేవి చూపాలో చెప్పే సెట్టింగు) పరిధి పెంచితే అన్నీ కనిపిస్తాయి.

ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 1లో పది విలువలు అడిగి అందులో ఒకటి లేకపోతే మొత్తం ప్రశ్నకే 'నో సచ్ నేమ్' వస్తుంది; ఎన్నోది లేదో చెప్పే అంకె పక్కనే ఉంటుంది, దాన్ని చూడనివారే ఎక్కువ. వెర్షన్ 2సీలో మిగిలిన తొమ్మిదీ వస్తాయి, లేనిదాని దగ్గర మాత్రం 'నో సచ్ ఆబ్జెక్ట్' అనో 'నో సచ్ ఇన్‌స్టెన్స్' అనో ఉంటుంది. మొదటిదానికి ఆ రకం సమాచారమే లేదని, లేదా మన కంట పడదని అర్థం. రెండోదానికి పట్టిక ఉంది, ఆ వరుస లేదని. కరెంటు పోయి వచ్చాక మా స్విచ్చులు కొన్ని పోర్టుల సూచిక అంకెలు మార్చేసుకుంటాయి; గ్రాఫు ఖాళీ అవుతుంది, లాగ్‌లో 'నో సచ్ ఇన్‌స్టెన్స్' నిండుతుంది. అంకెను నమ్మకుండా పోర్టు పేరుతో వెతికేలా మార్చాక ఆ బాధ తప్పింది.

వెర్షన్ 1ని వదిలేయడానికి ఇంకో కారణమూ ఉంది. అందులో 64 బిట్ల కౌంటర్లు లేవు. నిండుగా నడిచే 1 గిగాబిట్ లైనులో 32 బిట్ల బైట్ల కౌంటరు 34 సెకన్లకే మొదటికి వస్తుంది. ఐదు నిమిషాలకొకసారి చదివితే వచ్చే గ్రాఫు ఎందుకూ పనికిరాదు.

ఇక 'జెన్ ఎర్ర్' అనే జవాబు. ఏదో తప్పు జరిగిందన్న మాట తప్ప అందులో కబురేమీ ఉండదు. మా దగ్గర అది వచ్చిన ప్రతిసారీ ఏజెంటుకు తగిలించిన సబ్‌ఏజెంటే (కొన్ని విలువలు తెచ్చిచ్చే వేరే ప్రోగ్రామ్) కారణమైంది. అందుకే ముందు దాన్ని విప్పి చూస్తాను, ఆ తర్వాతే డీబగ్ లాగ్ తెరుస్తాను.