ఔట్‌రీచీ రివ్యూ: గ్యాప్ ఎందుకొచ్చిందని అడగని చోటు

ఔట్‌రీచీ అంటే టెక్ రంగంలో వివక్ష ఎదుర్కొనేవాళ్లకి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) డబ్బిచ్చి పని చేయించే ఇంటర్న్‌షిప్. అది ఎలా ఉంటుందని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అంతా ఇక్కడే రాస్తున్నా. నా రేటింగ్ 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కింద రాశాను, అప్లై చేద్దామనుకునేవాళ్లు మిగతాది వదిలేసినా అది మాత్రం చదవండి.

నా సంగతి ముందు చెప్పాలి, లేకపోతే నేను ఎందుకింత పొగుడుతున్నానో అర్థం కాదు. బీటెక్ అయ్యాక రెండేళ్లు టెస్టింగ్‌లో పనిచేశా, పెళ్లి, బాబు, మామగారి ఆపరేషన్, చూస్తుండగానే ఆరేళ్లు గడిచిపోయాయి. మళ్లీ మొదలుపెడదామని అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను, పేరు అనవసరం. క్లాసులో వంద మందికి పైనే, డౌట్ అడిగితే వీడియో చూసుకోమనేవారు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న మాట ఫీజు కట్టేదాకే. ఇంటర్వ్యూలకి వెళ్తే మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒకటే, "ఆరేళ్లు ఏం చేశారు మేడమ్?" నాకు పైథాన్ వచ్చా రాదా అన్నది ఆ తర్వాతి మాట, చాలా చోట్ల అక్కడిదాకా కూడా వెళ్లలేదు.

ఔట్‌రీచీలో ఆ ప్రశ్న లేదు. నిజంగా లేదు. ఏ కాలేజీ, ఎంత పర్సంటేజ్, ఇంతకుముందు ఏ కంపెనీ అన్నది చూసి తీసుకోరు. అక్కడ ముందు ఒక చిన్న అప్లికేషన్ ఉంటుంది, అందులో కొన్ని వ్యాసాలు రాయాలి: మీ దేశంలో టెక్ రంగంలో మీలాంటివాళ్లు తక్కువగా ఉన్నారా, చదువుకునేటప్పుడు, పని నేర్చుకునేటప్పుడు, ఉద్యోగం వెతికేటప్పుడు ఎలాంటి వివక్ష ఎదురైంది అని. అది దాటితే ఒక నెలపాటు మనకి నచ్చిన ప్రాజెక్టులో నిజమైన పని చేసి చూపించాలి, దాన్నిబట్టే మెంటర్లు, అంటే ఆ ప్రాజెక్టులో మనకి దారి చూపించేవాళ్లు, ఎంపిక చేస్తారు. వచ్చిందంటే మూడు నెలలు ఇంట్లోంచే పని, మొత్తం 7,000 డాలర్లు, డాలరు 85 రూపాయలనుకుంటే దాదాపు 6 లక్షలు. పన్ను లెక్కలు మాత్రం మనమే చూసుకోవాలి, కాబట్టి డబ్బు పడగానే ఒకసారి ఆడిటర్‌ని కలవండి.

ఇది మొదలైన కథ నాకు చాలా ఇష్టం. గ్నోమ్ అనేది లినక్స్ కంప్యూటర్లలో వాడే డెస్క్‌టాప్ తయారుచేసే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. 2006లో వాళ్లకి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ (విద్యార్థులకి డబ్బిచ్చి ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ ప్రోగ్రామ్) కోసం 181 మంది అప్లై చేస్తే అందులో ఒక్క మహిళ కూడా లేరు. "ఆడవాళ్లు రావట్లేదు, మనమేం చేస్తాం" అని ఊరుకోకుండా ఆ వేసవిలోనే వాళ్ల కోసం విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టారు. మధ్యలో ఆగిపోయిన దాన్ని 2010లో గ్నోమ్ డెవలపర్ మరీనా జురాఖిన్స్‌కాయా గారు మళ్లీ నిలబెట్టారు, ఆవిడ 2022లో చనిపోయారు. ఔట్‌రీచీ అన్న పేరు 2015 నుంచి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ కింద నడుస్తోంది. ఇప్పటిదాకా వెయ్యి మందికి పైగా ఇంటర్న్‌షిప్ చేశారు. ఆడవాళ్లే కాదు, ట్రాన్స్, నాన్‌బైనరీ (తమని ఆడ, మగ అన్న రెండిట్లో ఒకటిగా మాత్రమే చూసుకోని) వాళ్లు, ఇంకా తమ దేశంలో టెక్ రంగంలో వివక్ష ఎదుర్కొనే ఎవరైనా, 18 నిండితే అప్లై చేయొచ్చు.

ఇక అసలు విషయం, ఆ నెల రోజుల పని. ప్రాజెక్టు సెటప్ చేసుకునే సూచనల్లో మూడో స్టెప్ దగ్గర నా లాప్‌టాప్‌లో ఎర్రర్ వచ్చింది. బాబు పడుకున్నాక రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రెండు రోజులు అదే కమాండ్ మళ్లీ మళ్లీ కొట్టాను, తప్పు నాదే, ఆరేళ్లలో అంతా మర్చిపోయాను అనుకున్నా. మూడో రోజు టెన్షన్ పడుతూనే చాట్‌లో అడిగాను. మెంటర్ జవాబు పొద్దున్నకి వచ్చి ఉంది: ఆ సూచన పాతబడిపోయింది, తప్పు మాది, నువ్వు కనిపెట్టావు కాబట్టి నువ్వే సరిచెయ్, అదే నీ మొదటి కాంట్రిబ్యూషన్. మార్చింది రెండే లైన్లు. దాన్ని పంపితే వెంటనే కలిపేసుకోలేదు, కమిట్ మెసేజ్ (కోడ్ మార్పుతో పాటు రాసే చిన్న వివరణ) దగ్గర ఒక కామెంట్ పెట్టారు, "ఏం మార్చావో కోడ్‌లోనే కనిపిస్తోంది, ఎందుకు మార్చావో రాయి" అని. నాలుగుసార్లు తిరగరాశాను. ఉద్యోగం చేసిన రెండేళ్లలోగానీ, ఫీజు కట్టి కూర్చున్న క్లాసులోగానీ నా పనిని ఒకరు అంత శ్రద్ధగా చదివింది లేదు.

ఇంటర్న్‌షిప్ మొదలయ్యాక రెండు వారాలకోసారి మన పని గురించి బ్లాగులో రాయాలి, ఒక్కోసారి ఒక్కో అంశం ఇస్తారు. అందులో ఒకటి "అందరూ తంటాలు పడతారు" అని. మనకి ఏది అర్థం కాక ఇరుక్కుపోయామో, ఎలా బయటపడ్డామో అందరూ చదివేలా రాయాలి. రాయడానికి మొదట ప్రాణం ఒప్పలేదు, రాశాక మిగతా ఇంటర్న్‌లవి చదివితే పెద్ద పెద్ద ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లు కూడా నాలాగే ఇరుక్కున్నారు. ఆ వారం నుంచి చాట్‌లో డౌట్ అడగడానికి నేను జంకలేదు.

నా బ్యాచ్‌లో పరిచయమైన ఒకరు నాన్‌బైనరీ, మన తెలుగు మనిషే. సైట్‌లో ప్రొఫైల్ పెట్టుకునేటప్పుడే మనల్ని ఏ సర్వనామంతో పిలవాలో అడుగుతారు, దాన్ని ఎవరికి చూపించాలో కూడా మనమే ఎంచుకోవచ్చు. తెలుగులో మాట్లాడుకునేటప్పుడు నేను ఎలా పిలవాలని అడిగితే, "తను" అను, "వచ్చారు, చేశారు" అను, చాలు అన్నారు. మన భాషలో ఇంత తేలికైన దారి ఉందని నాకప్పటిదాకా తట్టలేదు. కాలేజీలో, హాస్టల్లో తను పడిన మాటలు విన్నాక అర్థమైంది, ఆ ప్రొఫైల్ పేజీలో ఒక చిన్న పెట్టె ఉండటం తనకి ఎంత ధైర్యమో.

ఇప్పుడు ఆ తగ్గించిన మార్కు. ఆ నెల రోజుల పనికి పైసా రాదు. ఒక్కో సీటుకి పదుల మంది పోటీ, అందరూ పనిచేస్తారు, దొరికేది ఒకరిద్దరికి. నాకు మొదటిసారి రాలేదు. నెలంతా అర్ధరాత్రి దాకా కూర్చుని, చివరికి జాబితాలో పేరు లేకపోతే ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను, రెండోసారి అప్లై చేయడానికి నాకు ఏడాది పట్టింది. రోజంతా ఉద్యోగం చేసి ఇంటికొచ్చేవాళ్లకి, చంటిపిల్లల తల్లులకి, ఇంట్లో నెట్ సరిగా లేనివాళ్లకి ఈ పద్ధతి బరువే, అసలు ఈ ప్రోగ్రామ్ ఎవరి కోసమో వాళ్లకే బరువు. వ్యాసాలు ఇంగ్లీషులో రాయాలి, అదీ మన జీవితంలో తగిలిన దెబ్బల గురించి. తెలుగు మీడియంలో చదివిన అమ్మాయికి చెప్పుకోవడానికి చాలా ఉంటుంది, దాన్ని ఇంగ్లీషులో పెట్టడం దగ్గరే ఆగిపోతుంది. ముందు తెలుగులో రాసుకోండి, తర్వాత మార్చుకోండి, నేను అలాగే చేశాను.

ఇంకోటి, ఇది ఉద్యోగం ఇచ్చే ప్రోగ్రామ్ కాదు. మూడు నెలలయ్యాక మళ్లీ మనమే వెతుక్కోవాలి. నాకు ఐదు నెలలు పట్టింది. తేడా ఒక్కటే, ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే నా కోడ్ ఉన్న లింకు తెరిచి చూపించాను, ఆ తర్వాత మాటలన్నీ ఆ కోడ్ మీదే నడిచాయి.

కోడింగ్ రాకపోతే కుదరదా అని అడుగుతున్నవాళ్లకి: డాక్యుమెంటేషన్, డిజైన్ ప్రాజెక్టులు కూడా ఉంటాయి. కాలేజీలో ఉన్నవాళ్లు మాత్రం సెలవులు లెక్క చూసుకోండి, ఇంటర్న్‌షిప్ సమయంలో చదువు లేకుండా వరసగా కొన్ని వారాలు ఖాళీ ఉండాలన్న రూలు ఉంది, ఏడాదికి మే, డిసెంబరు అని రెండు రౌండ్లుంటాయి, మన దగ్గర డిగ్రీ పిల్లలకి మే రౌండే వీలవుతుంది. దానికి అప్లికేషన్లు సాధారణంగా జనవరి, ఫిబ్రవరిల్లో, డిసెంబరు రౌండ్‌కి ఆగస్టులో తీసుకుంటారు, గడువు చాలా తక్కువ. వ్యాసాల్లో ఎక్కడైనా ఆగిపోతే కింద అడగండి, రాత్రి పది తర్వాత జవాబిస్తాను.