మూడు చక్రాల చెక్క బండి: నాలుగేళ్ళ వాడకం తర్వాత

పిల్లలు గోడ పట్టుకుని నిలబడటం మొదలవగానే ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు అనే మాట ఒకటుంది: "మూడు చక్రాల బండి కొనండి, వారంలో నడిచేస్తాడు." ఇద్దరు పిల్లలు, రెండు ఇళ్ళు, నాలుగేళ్ళ వాడకం తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. ఒక ఇల్లు గచ్చు నేల, ఇంకోటి నున్నటి టైల్స్ ఉన్న ఫ్లాటు. బండి మంచిదే. కానీ దుకాణంలోంచి తెచ్చింది తెచ్చినట్టు పిల్లల చేతికి ఇవ్వదగ్గది కాదు. ఒక సాయంత్రం కూర్చుని దానికి చిన్న చిన్న మరమ్మతులు చేయాలి.

మేం వాడింది తిరునాళ్ళలో 650 రూపాయలకు కొన్నది. బరువు రెండు కిలోల పైచిలుకు. వెనక రెండు చక్రాలు, ముందు ఒకటి, ఒక్కోటి 9 సెంటీమీటర్ల అడ్డకొలత. ఇరుసుల స్థానంలో ఇనుప బోల్టులు. నేల నుంచి పిడి ఎత్తు 44 సెంటీమీటర్లు. ఏడాది నిండిన పిల్లల సగటు పొడుగు 74 నుంచి 76 సెంటీమీటర్లు కాబట్టి ఈ ఎత్తు సరిగ్గా బొడ్డుకు కాస్త పైన వస్తుంది. పిడి ఛాతీ దాటి పైకుంటే పిల్లలు దాన్ని తోయరు, వేలాడతారు. నడుం కంటే కిందుంటే వంగి తోస్తూ ముందుకు తూలిపోతారు. కొనేటప్పుడు టేపు పట్టుకెళ్ళండి. 50 సెంటీమీటర్లు దాటిన బండి ఎంత అందంగా ఉన్నా ఏడాది పిల్లలకు వద్దు.

వారంలో నడిచేస్తారన్న మాట నిజం కాదు. ఒంటరిగా నడవటం 8 నెలల నుంచి 17 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క. ఆ పరిశీలన జరిగిన దేశాల్లో మన దేశమూ ఉంది. ఆ తొమ్మిది నెలల తేడాను బండి తగ్గించదు. స్టూలో మంచమో పట్టుకుని తనంతట తాను లేచి, పక్కకు నాలుగడుగులు వేసే పిల్లలకు మాత్రమే ఇది పనికొస్తుంది. ఇంకా లేవలేని వాళ్ళను ఎత్తి నిలబెట్టి పిడి పట్టిస్తే రెండు చేతులూ బిగుసుకుపోతాయి, మోకాళ్ళు వదులుతాయి, అక్కడే కూలబడతారు.

కూర్చోబెట్టే ప్లాస్టిక్ వాకర్‌కూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. వాకర్లో బిడ్డ బరువు బట్ట సీటు మోస్తుంది. మునివేళ్ళతో నేలను తంతే చాలు, బండి సెకనుకు మీటరు దూరం దూసుకుపోతుంది. మెట్ల దగ్గరో పొయ్యి దగ్గరో పెద్దవాళ్ళు అందుకునే వ్యవధి ఉండదు. కెనడాలో 2004 ఏప్రిల్ నుంచి వాటి అమ్మకం, ప్రకటన, దిగుమతి అన్నీ నిషేధం. అక్కడి మనవల కోసం ఇక్కణ్ణుంచి మోసుకెళ్దామనుకునే తాతయ్యలూ అమ్మమ్మలూ ఇది గుర్తుపెట్టుకోవాలి. నిలబడి తోసే చెక్క బండిలో బరువు కాళ్ళ మీదే ఉంటుంది. పట్టుకోవాలన్నా వదిలేయాలన్నా బిడ్డ ఇష్టమే. మాకు ఈ ఒక్క కారణమే చాలనిపించింది.

ఇక మరమ్మతులు. మొదటిది వెనక్కి తిరగబడటం. పిల్లలు కూర్చున్న చోట నుంచి పిడి పట్టుకుని లేస్తారు. ఆ క్షణంలో వాళ్ళ బరువంతా వెనక ఇరుసుకు వెనక పడుతుంది, ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, బండి బిడ్డ మీదికి వచ్చేస్తుంది. కొత్త బండిని పరీక్షించడం తేలిక: పిడికి ఐదు కిలోల బియ్యం సంచి తగిలించండి. ముందు చక్రం లేచిందా, ఆ బండికి ముందు బరువు కావాలి. పాత జీన్స్ గుడ్డతో పొడుగాటి సంచి కుట్టి, కడిగి ఆరబెట్టిన ఇసుక పోసి, మూతి రెండు వరసలు కుట్టి, ముందు చక్రం పైనున్న కర్రకు గట్టిగా బిగించాలి. అర కిలో చాల్లేదు. రెండు కిలోలు వేస్తే తిప్పడానికి బిడ్డ ఏడ్చింది. ఒక కిలో సరిపోయింది. బియ్యం, శనగలు వేయొద్దు. పురుగు పడుతుంది, కుట్టు విడితే గింజలు నేరుగా నోట్లోకి పోతాయి.

రెండోది పరుగు. గచ్చు నేల మీద బుద్ధిగా నడిచిన బండే టైల్స్ మీద జారిపోయింది. బిడ్డ అడుగు వేసేలోపు పిడి అరచేతి దూరం ముందుకు పోతుంది, బొక్కబోర్లా పడటం ఖాయం. చాలామంది చక్రాలకు రబ్బరు చుడితే ఆగుతుందనుకుంటారు. ఆగదు. రబ్బరు వల్ల చక్రం పక్కకు జారదు, చప్పుడు తగ్గుతుంది, టైల్స్ గీతలు పడవు, అంతే. దొర్లే చక్రం రబ్బరుతో కూడా దొర్లుతూనే ఉంటుంది. వేగం తగ్గించాల్సిన చోటు ఇరుసు. పాత ఉన్ని కంబళిలోంచి నాలుగు సెంటీమీటర్ల బిళ్ళలు కత్తిరించి, మధ్యలో బోల్టు పట్టేంత చిల్లు చేసి, చక్రానికి అటొకటి ఇటొకటి వేసి నట్టు బిగించాలి. ఎంత బిగించాలో చక్రమే చెబుతుంది: చేత్తో ఒక తిప్పు తిప్పి వదిలితే అర చుట్టు తిరిగి ఆగాలి. రెండు చుట్లు తిరిగితే వదులు, అసలు కదలకపోతే బిగువు. వెనక రెండు చక్రాల బిగువూ ఒకేలా ఉండాలి, లేకపోతే బండి ఒక పక్కకే లాగుతుంది. ఉన్ని రెండు నెలల్లో అరిగి పలచబడుతుంది, మళ్ళీ మార్చాలి. మామూలు నట్టు ఈ రాపిడికి వదులవుతూ పోతుంది. హార్డ్‌వేర్ షాపులో నైలాక్ నట్టు అడగండి, లోపల ప్లాస్టిక్ వలయం ఉంటుంది, తనంతట తాను వదలదు. మా బండికి ఇది వేశాక మళ్ళీ పానా పట్టింది ఉన్ని మార్చడానికే.

రబ్బరు కూడా వేయండి, కానీ సైకిల్ ట్యూబు కొనొద్దు. 9 సెంటీమీటర్ల చక్రం మీదికి అది అతి కష్టంగా సాగుతుంది, వారంలో చిట్లుతుంది. పంక్చర్ షాపులో పారేసే బైకు ట్యూబు అడిగి, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు రింగులు కోసి, లోపలి తెల్లటి పొడి పోయేలా సబ్బుతో కడిగి ఎక్కిస్తే జిగురు లేకుండానే పట్టుకుంటాయి.

వేళ్ళ సంగతి. చక్రానికీ చట్రానికీ మధ్య సందు బిడ్డ వేలు దూరనంత సన్నగానైనా ఉండాలి, దూరి తేలిగ్గా బయటికి వచ్చేంత వెడల్పుగానైనా ఉండాలి. పెన్సిల్ మందం సందే ప్రమాదం: వేలు దూరుతుంది, చక్రం తిరిగితే నలుగుతుంది. ఉన్ని బిళ్ళలు వేస్తే మా బండిలో ఈ సందు కూడా మూసుకుంది. కొన్ని బండ్లలో బోల్టుకు బదులు చెక్క ఇరుసు, దానికి చెక్క శీల ఉంటాయి. ఎండాకాలం చెక్క ఎండి కుంచించుకుపోతే శీల వదులై రాలిపోతుంది, నేలమీద దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు అది. వానాకాలం అదే చెక్క ఉబ్బి చక్రం బిగుసుకుంటుంది. అప్పుడు నూనె పోయకండి, జిగురులా పేరుకుని ఇంకా పట్టేస్తుంది. చక్రం తీసి, చిల్లును 120 నంబరు గరుకు కాగితంతో నాలుగు తిప్పులు రుద్ది, కొవ్వొత్తి మైనం పూస్తే కిర్రుమనడమూ పోతుంది.

పట్టీలు పెట్టిన పిల్లలకు ఇంకో జాగ్రత్త. పట్టీ గొలుసు బోల్టు కొసకు తగులుకుంటుంది. పట్టుపరికిణీ అంచు కూడా అంతే. బండి నడిపేటప్పుడు పట్టీలు తీసేయండి, బోల్టు కొస నట్టు దాటి బయటికొస్తే ఆకురాయితో అరగదీయండి. సాక్సులు వద్దు, వట్టికాళ్ళే మేలు. వెనక ఇరుసు కర్రకు బొటనవేలు కొట్టుకోవడం మొదటి వారం తప్పదు. ఆ కర్రకు నూలుగుడ్డ రెండు చుట్లు చుడితే దెబ్బ తగ్గుతుంది.

రంగు గురించి గట్టిగా చెప్పాలి. పళ్ళొచ్చే పిల్లలు పిడిని కొరుకుతారు, కాస్త వంగితే అది వాళ్ళ నోటికి అందుతుంది. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే కొనొద్దు. అంటలేదంటే సీసం లేదని కాదు, అది కంటికి కనిపించదు. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఉంది, కాబట్టి ఏటికొప్పాక బొమ్మ మీద ఆ గుర్తు లేదని అనుమానపడక్కర్లేదు. అంకుడు కర్ర మీద లక్క, సహజ రంగులతో చేసే పని అది, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరునాళ్ళ బండికి ఈ రెండూ లేవు. అందుకే పిడి మీది పెయింటు మొత్తం గీకేశాం. ఆ పని ఆరుబయట, పిల్లలు లేనప్పుడు, తడి గరుకు కాగితంతో, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయాలి. పొడిగా గీకితే సీసం ఉన్న దుమ్ము ఇల్లంతా పడుతుంది. తర్వాత కొబ్బరినూనె పలచగా రాసి రెండు రోజులు ఆరబెట్టాం.

వాడకంలో ఏం జరుగుతుందో ఇప్పుడు. మొదటి నెలంతా బండి నేరుగా మాత్రమే పోతుంది, ముందు చక్రం పక్కకు మళ్ళదు కదా. గోడ తగలగానే బిడ్డ ఆగి, ఇంకా గట్టిగా తోసి, కదలకపోయేసరికి అరుస్తుంది. ప్రతి అరుపుకీ పరుగెత్తి తిప్పిపెట్టకండి. పిడి ఒక పక్క ఎత్తి, అడుగు పక్కకు వేసి, బండిని ఈడ్చి తిప్పుకోవడం ఆ అరుపుల మధ్యే నేర్చుకుంటారు. మా ఇద్దరికీ అది 14వ నెలలో వచ్చింది. అలా పక్కకు వేసే అడుగుకు ఉన్న విలువ పది నేరు అడుగులకు లేదని మా అభిప్రాయం.

పడేది ఎక్కువగా గడప దగ్గర. ముందు చక్రం గడపకు కొట్టుకుని ఆగుతుంది, బిడ్డ ఆగదు. పిడి పై పెదవికి తగిలి, పెదవికీ చిగురుకూ మధ్యనున్న సన్నని పొర తెగుతుంది. రక్తం చూసి గుండె ఆగినంత పనవుతుంది గానీ, శుభ్రమైన తడిగుడ్డతో పది నిమిషాలు అదిమి పెడితే సాధారణంగా ఆగి, తనే మానుతుంది. ఆగిందో లేదోనని పెదవి ఎత్తి చూస్తే మళ్ళీ కారుతుంది. అదిమినా ఆగకపోయినా, పన్ను కదిలినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినా, ఒకటికి రెండుసార్లు వాంతి అయినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా క్షణం ఆలస్యం చేయొద్దు. అందుకే గడపలున్న గదుల తలుపులు మూసి, మెట్లకు గేటు బిగించి, బాత్‌రూమ్ గడియ పెట్టి, అప్పుడే బండి బయటికి తీయాలి. పని కాగానే అటక మీదికి ఎక్కించాలి.

ఏడాదిన్నర దాటాక బండితో అసలు తంటా మొదలవుతుంది. నడక వచ్చేసింది కాబట్టి తోయడం మానేసి ఎక్కుతారు. అడుగు కర్ర మీద ఒక కాలు వేసి పిడి మీదికి వాలితే బండి పక్కకు పడిపోతుంది. మూడు చక్రాల చట్రానికి ముందు మూలలు లేవు, అటు బరువు ఆపేదేదీ ఉండదు. మేం ఇసుక సంచి తీసేసి, చట్రం మీద వెదురు బుట్ట కట్టి ఉల్లిపాయల బండిగా మార్చాం. వంటింట్లోంచి హాల్లోకి ఒక్కో ఉల్లిపాయ మోసుకెళ్ళడంలో ఎక్కడం మర్చిపోయారు. ఇంకో ఆరు నెలలు గడిచాయి.

మరో ఇంటికి ఇచ్చేటప్పుడు కొత్త ఉన్ని, కొత్త నట్లు వేసి ఇవ్వండి, రబ్బరు రింగులు మార్చండి. బోల్టు చిల్లు నుంచి చట్రం అంచు దాకా చెక్కలో పగులు ఉందేమో వెలుగులో పెట్టి చూడండి. వెంట్రుకంత పగులున్నా జిగురు పెట్టి ఇవ్వకండి, ఆ చెక్క విరిచేయండి.