దేశం మొత్తానికి గేటు మూయడమా, వచ్చే మనిషిని తనిఖీ చేయడమా: ఏది మేలు?

2019లో టోలిచౌకిలో మా పై పోర్షన్‌లో ఒక యెమెన్ కుర్రాడు అద్దెకుండేవాడు, ఉస్మానియాలో చదువుకుంటూ. విదేశీయుడికి ఇల్లిస్తే 24 గంటల్లో ఓనరు విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఫారం సి నింపాలన్నది అప్పటి రూలు. అందుకే దిగిన రోజే నాన్న అతన్ని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, ఒక్కో అక్షరం చూసి టైపు చేశారు. తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు పడితే ఆ కుర్రాడే చూసి చెప్పాడు. ముప్పావుగంట పట్టింది. అతను విసుక్కోలేదు. తనని ఒక మనిషిగా అడుగుతున్నారు, తను జవాబు చెప్పగలడు.

ఆ చలికాలంలోనే మిషిగన్‌లో ఉన్న అతని అక్కకి నెలలు నిండాయి. మా పెద్దమ్మ కూడా సరిగ్గా అప్పుడే కూతురి కాన్పుకని డల్లాస్ బయలుదేరింది. ఆవకాయ, కరివేపాకు పొడి, పసిబిడ్డకి మెత్తటి పాత చీరలు సర్దుకుని శంషాబాద్‌లో విమానం ఎక్కేసింది. వీసా ఇంటర్వ్యూలో ఆవిడని రెండు ప్రశ్నలు అడిగారట. ఆ కుర్రాడి తల్లిని అడిగేవాళ్లే లేరు. యెమెన్ పౌరులకి అమెరికా విజిటర్ వీసాలు అప్పటికే ఆపేసింది. తేడా ఆ తల్లుల్లో లేదు, వాళ్లు పుట్టిన దేశాల్లో ఉంది.

భయం సంగతి హైదరాబాద్ వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కు బాంబు పేలుళ్లలో 42 మంది పోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్. ఆ ఇళ్లవాళ్లు ‘ఎవరినీ రానివ్వకండి’ అంటే నేను వాదించలేను. కానీ దిల్‌సుఖ్‌నగర్ కేసులో శిక్ష పడిన ఐదుగురిలో పాకిస్తానీ ఒక్కడే, మిగతావాళ్లంతా మన దేశం వాళ్లే. సరిహద్దు దగ్గర తాళం వేస్తే ఆ నలుగురూ ఆగేవారా?

ఇక అమెరికా లెక్క చూద్దాం. 2017 జనవరి 27న ట్రంప్ ఏడు దేశాల వాళ్ల రాకని 90 రోజులు ఆపారు: ఇరాన్, ఇరాక్, లిబియా, సొమాలియా, సూడాన్, సిరియా, యెమెన్. 2001 సెప్టెంబర్ 11న విమానాలు హైజాక్ చేసిన 19 మందిలో 15 మంది సౌదీ వాళ్లు. మిగతా నలుగురు యూఏఈ, ఈజిప్టు, లెబనాన్ వాళ్లు. ఆ దేశాలు ఒక్కటీ ఈ ఏడింటిలో లేవు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. జాబితా రెండుసార్లు మార్చాక 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4తో దాన్ని సమర్థించింది. అధ్యక్షుడికి ఆ అధికారం ఉందని తేల్చింది, సరే. అధికారం ఉండటం వేరు, చేసింది న్యాయం కావడం వేరు.

నిషేధానికి ఒక బలం లేకపోలేదు. అది క్షణాల్లో అమలవుతుంది. అవతలి దేశంలో ప్రభుత్వమే కూలిపోయి, పాస్‌పోర్టు అసలుదో నకిలీదో చెప్పే ఆఫీసే లేనప్పుడు ఎవరిని అడిగి తనిఖీ చేస్తాం? ఇది ఒప్పుకోవాల్సిన మాటే. కాకపోతే దానికి కాగితాలు ఎక్కువ అడగొచ్చు, ఇంకో ఇంటర్వ్యూ పెట్టొచ్చు. అసలు అడగనే అడగకపోవడం దానికి మందు కాదు.

మరి మనిషిని తనిఖీ చేసే పద్ధతి తప్పు లేనిదా? కాదు. డేవిడ్ హెడ్లీనే చూడండి. పుట్టినప్పుడు దావూద్ గిలానీ. 2006లో పేరు మార్చుకుని, కొత్త పేరున్న అమెరికా పాస్‌పోర్టుతో ముంబై పలుమార్లు వచ్చి, 26/11 దాడి కోసం తాజ్ హోటల్ వీడియోలు తీసుకెళ్లాడు. మన వీసా తనిఖీ అతన్ని పట్టలేకపోయింది. కానీ దేశాలవారీ నిషేధం పెట్టుకున్నా పట్టేది కాదు, అమెరికాని ఎవరు నిషేధిస్తారు? సెప్టెంబర్ 11 హైజాకర్లలో ఇద్దరి గురించి అమెరికా గూఢచార సంస్థ సీఐఏకి ముందే తెలుసు, ఆ సమాచారం వీసా ఇచ్చేవాళ్లకి సమయానికి అందలేదు. అంటే బాగు చేసుకోవాల్సింది ఆఫీసుకీ ఆఫీసుకీ మధ్య ఉన్న ఆ సందుని.

మధ్యేమార్గంగా 2002లో అమెరికా ఇంకోటి చేసింది. 25 దేశాల నుంచి వచ్చిన మగవాళ్లని పిలిచి వేలిముద్రలు, ఫొటోలు తీసుకుంది. 80 వేల మందికి పైగా క్యూలో నిలబడ్డారు. ఒక్కరి మీద కూడా ఉగ్రవాద నేరం రుజువు కాలేదు. 2011లో ఆపేశారు.

మన దేశం చేసిందీ తూకం వేయాలి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపాక, పాకిస్తానీల వీసాలు 27 నుంచి చెల్లవని ప్రభుత్వం చెప్పింది. వైద్యం కోసం వచ్చినవాళ్లకి 29 వరకు గడువిచ్చి, దీర్ఘకాలిక వీసాలని మినహాయించింది. దాన్ని నేను అమెరికా జాబితాతో ఒకే గాట కట్టను. అది ఎదుటి ప్రభుత్వానికి చెప్పిన జవాబు, మినహాయింపులూ ఉన్నాయి. అయినా వైద్యానికి వచ్చి మంచం మీద ఉన్న రోగికి 29వ తేదీ అనేది చాలా దగ్గర.

నా మటుకు మనిషిని చూసే పద్ధతే మేలు. ఖర్చెక్కువ, ఆలస్యం, చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసినవాళ్లందరికీ ఆ టెన్షన్ తెలుసు. అయినా అందులో తప్పు చేసినవాడి జాడ దొరికే వీలుంది. దేశం పేరు చూసి ఆపేస్తే దొరికేది దేశం పేరే. పైగా ఆ జాబితాలు వీధిలోకి దిగితే ఏమవుతుందో మనం చూశాం. మొదటి ఆర్డరు వచ్చి నెల తిరగకముందే, 2017 ఫిబ్రవరి 22న, కాన్సాస్‌లో ఒకడు ‘నా దేశం వదిలి పో’ అని అరిచి, ఇరానీలనుకుని ఇద్దరు భారతీయుల మీద కాల్పులు జరిపాడు. చనిపోయింది మన హైదరాబాద్ ఇంజనీరు.

యెమెన్ కుర్రాడు 2020లో చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. 2021 జనవరిలో బైడెన్ ఆ నిషేధం ఎత్తేశాక, వాళ్లమ్మకి వీసా పెట్టామని మెసేజ్ చేశాడు. యుద్ధంలో కాగితాలు కుదిరేసరికి ఏళ్లు గడిచాయి. 2025 జూన్‌లో వచ్చిన కొత్త జాబితాలో యెమెన్ మళ్లీ కనబడింది. ఆ రోజు నేనే ఫోన్ చేశాను. అక్క పాప స్కూలుకి వెళ్తోందట, అమ్మమ్మని ఇంతవరకూ ఫోన్‌లోనే చూసిందట.