మంచుర్యాలకి ఏది మేలు: కట్టడమా, అద్దెకి తేవడమా, పొరుగువాళ్లని అడగడమా?

మా అన్నయ్య కూతురు ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది చదువుతోంది. కిందటి ఆదివారం కూకట్‌పల్లిలో వాళ్లింటికి భోజనానికి వెళ్తే డైనింగ్ టేబుల్ మీద కంచం పెట్టే చోటు లేదు. నిండా థర్మోకోల్ కొండలు. లేని ఊరొకటి ఊహించుకుని, అక్కడ అంతర్జాతీయ శీతాకాల క్రీడలు జరపడానికి ప్లాన్ గీయమన్నారట. ఊరికి పేరు కూడా పెట్టేసింది: మంచుర్యాల. "మంచిర్యాల వాళ్లు ఏమనుకుంటారే?" అంటే, "మే నెలలో వాళ్లకి చదివి వినిపిస్తా బాబాయ్, సంతోషిస్తారు" అంది.

ఊరి జనాభా ఆరు లక్షలు. గంట దూరంలో కొండలు. ఊళ్లో ఓ పాత ఎగ్జిబిషన్ హాలు. సరిహద్దు దాటి మూడు గంటలు వెళ్తే పొరుగు దేశంలో బాబ్‌స్లెడ్ ట్రాక్, అంటే స్లెడ్ బండిలో కూర్చుని జారే మెలికల మంచు కాలువ. ఆటలు పదహారు రోజులు. తన ప్లాన్‌లో మాత్రం అన్నీ కొత్తవే. నేను పాతికేళ్లుగా బాలానగర్‌లో కోల్డ్ రూములు, చిల్లర్లు (నీళ్లని చల్లబరిచే మిషన్లు) బిగించి బతుకుతున్నవాణ్ని. మంచు అంటే నాకు ముందు కంప్రెసర్ చప్పుడు, తర్వాత కరెంటు బిల్లు గుర్తొస్తాయి. నోరు మూసుకుని పప్పన్నం తినాల్సింది, ఊరుకోలేకపోయాను.

ముందు రింకు, అంటే స్కేటింగ్ చేసే మంచు నేల సంగతి. పక్కా రింకులో కాంక్రీటు స్లాబు లోపల వరసగా పైపులు పరిచి, వాటిలో గ్లైకాల్ (తేలిగ్గా గడ్డకట్టని ద్రవం) గానీ ఉప్పునీళ్లు గానీ తిప్పుతారు. పాత ఐస్ ఫ్యాక్టరీలో డబ్బాలు ముంచే ఉప్పునీళ్ల తొట్టి ఉండేదే, సూత్రం అదే. స్లాబు కింద ఇన్సులేషన్, దాని కింద మళ్లీ వెచ్చటి పైపులు. ఎందుకంటే చల్లదనం దిగి నేల గడ్డకడితే స్లాబు పైకి ఉబ్బి పగులుతుంది. కోల్డ్ స్టోరేజీ కట్టించిన వాళ్లెవరికైనా ఈ మాట వింటే గుండె ఝల్లుమంటుంది. పైన నీళ్లు ఒకేసారి పొయ్యరు. పల్చగా పొర మీద పొర గడ్డ కట్టిస్తూ పోతారు. 3 సెంటీమీటర్ల మందం చాలు. ఐస్ హాకీ రింకు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు అనుకుంటే 54 వేల లీటర్లు. అంటే మన వీధిలోకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు. "అంతేనా!" అంది. నీళ్లు అంతే. ఆ తర్వాత దాన్ని మైనస్ 5 దగ్గర పట్టి ఉంచడానికే రాత్రీ పగలూ మిషన్లు తిరగాలి, ఆడేవాళ్లున్నా లేకపోయినా.

దానికి బదులు అద్దె రింకు ఉంది. హాలు నేల మీద ఇన్సులేషన్ షీట్లు వేసి, పైపుల చాపలు పరిచి, బయట నిలబెట్టిన చిల్లర్లకి కలుపుతారు. ఆటలయ్యాక చుట్టేసి తీసుకుపోతారు. ఇదేదో చిన్నపిల్లల పార్కు వ్యవహారం అనుకోకండి. 2026 మిలాన్-కోర్టినా ఒలింపిక్స్‌లో స్పీడ్ స్కేటింగ్‌కి ఎగ్జిబిషన్ హాళ్లలోనే తాత్కాలికంగా 400 మీటర్ల ట్రాక్ వేశారు. మన హైటెక్స్‌లో ఫర్నిచర్ ఎక్స్‌పో సర్దేసి మంచు వేసినట్టన్నమాట. కూతురి పెళ్లికి షామియానా తెచ్చుకుంటాం గానీ ఫంక్షన్ హాలు కట్టించం కదా?

అయితే అద్దె రింకుతో టెన్షన్ లేదనను. అసలు శత్రువు ఎండ కాదు, తేమ. వేల మంది ఊపిరి, తలుపు తీసినప్పుడల్లా లోపలికొచ్చే గాలి, అంతా కలిసి మంచు మీద పొగమంచులా వాలుతుంది, సన్నటి నూగులా పేరుకుంటుంది, స్కేటు జారదు. ఎగ్జిబిషన్ హాలు తలుపులు లారీలు లోపలికి రావడానికి పెట్టినవి. తేమ లాగే మిషన్లకి గట్టిగా డబ్బు పెట్టకపోతే అక్కడే పరువు పోతుంది. పైపుల చాపలకి జాయింట్లు కూడా ఎక్కువ. జాయింటు ఉన్నచోట లీకు ఉంటుంది, నా వృత్తిలో ఇంతకంటే నమ్మదగ్గ సూత్రం లేదు.

అయినా పెద్ద ట్రాక్‌కి నా ఓటు అద్దెకే. డెహ్రాడూన్ గుర్తుంది కాబట్టి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ మంచి రింకు కట్టారు. ఆటలయ్యాక ఏళ్లతరబడి మూతపడి ఉంది. దాన్ని చల్లగా ఉంచే ఖర్చు భరించేవాళ్లు లేక. మళ్లీ తెరిచి అంతర్జాతీయ పోటీలు పెట్టేసరికి 2025 అయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఆటలకి సిద్ధమయ్యే ఊరు రెండూ ఒకేసారి చేస్తుంది, పెళ్లయ్యాక ఇంట్లో ఎవరుంటారో చూసుకోదు.

కానీ హాకీ రింకు ఒక్కటి పక్కాగా కట్టడానికి చివరికి ఒప్పుకున్నాను. ఇక్కడ పిల్ల నాతో వాదించింది, ఓడిపోయింది నేనే. ఇందిరా పార్కు రింకులో తెల్లారకముందే చక్రాల స్కేట్లు కట్టుకుని వచ్చే పిల్లల్ని తనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ ఆటలోనే 2010 ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ అనూప్ కుమార్ యామా రెండు కాంస్యాలు తెచ్చాడు. "రోజూ వాడేవాళ్లుంటే అది ఖర్చు కాదు బాబాయ్, స్కూలు" అంది. ఆటలయ్యాక మార్చుకునే వీలు కూడా ముందే గీయమన్నాను. కెనడాలో వాంకూవర్ పక్కన రిచ్‌మండ్‌లో 2010 ఒలింపిక్స్ స్పీడ్ స్కేటింగ్ జరిగిన భవనం ఇప్పుడు ఊరి జనం ఆడుకునే కేంద్రం. బీజింగ్ వాళ్లయితే 2008లో ఈత పోటీలు పెట్టిన కొలను మీదే స్టీలు ఫ్రేము పరిచి 2022లో కర్లింగ్ (మంచు మీద రాళ్లు జార్చే ఆట) ఆడించారు.

ఇక బాబ్‌స్లెడ్. పిల్ల మోడల్‌లో అన్నిటికంటే అందంగా వచ్చింది ఇదే. కొండ మీంచి ఇనప తీగ మెలికలు తిప్పి, మీద ప్లాస్టర్ పూసింది. తీసెయ్యమన్నాను. ముఖం మాడ్చుకుంది.

కిలోమీటరున్నర కాంక్రీటు కాలువకి అడుగడుగునా చల్లదనం పంపాలి, వాడేది గుప్పెడు మంది. ఇటలీ 2006 ట్యూరిన్ ఆటలకి చెసానాలో ట్రాక్ కట్టింది. కొన్నేళ్లకే మూసేసింది. ఇరవై ఏళ్లకి మళ్లీ అదే దేశం కోర్టినాలో సుమారు 12 కోట్ల యూరోలతో ఇంకోటి కట్టింది, పక్కనే ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ ట్రాక్ ఉండగానే. ఒలింపిక్ కమిటీయే వద్దంది, వినలేదు. దేశం పరువు సంగతట. 1960లో శీతాకాల ఒలింపిక్స్ జరిపిన అమెరికాలోని స్క్వా వ్యాలీ వాళ్లు దీనికంటే తెలివైనవాళ్లు. వచ్చేవే కొన్ని జట్లు, వాటికోసం ట్రాక్ కట్టలేమని చెప్పి ఆ ఏడు బాబ్‌స్లెడ్డే ఎత్తేశారు. మంచుర్యాల అంత మొండిగా ఉండక్కర్లేదు, పొరుగు దేశంలో ట్రాక్ ఉండనే ఉంది. నష్టం లేకపోలేదు. ఆ ఆటగాళ్లు పండగ జరిగే ఊరికి మూడు గంటల దూరంలో ఉండిపోతారు, పెళ్లికొచ్చి విడిదింట్లోనే భోంచేసి వెళ్లినట్టు. అయినా సరే, అరువే మేలు.

కొండల మీద మంచుకి మిషనా, ఆకాశమా అన్న వాదన అక్కర్లేదు, రెండూ కావాలి. 1964లో ఇన్స్‌బ్రుక్‌లో మంచు పడకపోతే సైనికులు 40 వేల ఘనపు మీటర్ల మంచు మోసుకొచ్చారు. 2022 బీజింగ్‌లో దాదాపు అంతా మిషన్ మంచే. మన కూలర్ మే నెలలో చల్లగా, ఆగస్టులో ఉక్కగా ఎందుకుంటుందో, మంచు మిషన్ కూడా పొడి గాలిలోనే బాగా ఎందుకు పనిచేస్తుందో కారణం ఒకటే: పొడి గాలిలో నీళ్లు త్వరగా ఆవిరై చల్లదనం ఇస్తాయి. కాబట్టి కొండ ఎత్తు కంటే గాలిలో తేమ లెక్క ముందు చూడమన్నాను.

క్రీడాకారుల బస గురించి ఎక్కువ చెప్పలేదు. అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో 1980 ఒలింపిక్స్ క్రీడా గ్రామాన్ని ఆటలయ్యాక జైలు చేశారు. మన గచ్చిబౌలి స్టేడియం దగ్గర ఆటగాళ్ల బసకని కట్టిన పద్నాలుగంతస్తుల టవర్ 2020లో కోవిడ్ ఆసుపత్రి అయింది. "అయితే హాస్టల్ అని రాసేస్తా" అంది. రాయి, కానీ గదికో బాత్రూమ్ పెట్టు అన్నాను.

సాయంత్రానికి ప్లాస్టర్ ట్రాక్ బాల్కనీలోకి వెళ్లింది, ఎగ్జిబిషన్ హాలులో స్పీడ్ స్కేటింగ్ ట్రాక్ అతికింది. గ్లూ గన్ వేడికి ఒక మూల థర్మోకోల్ కరిగిపోయి మంచుర్యాలలో మొదటి లీకు కూడా అయింది. ప్లాన్ చూసి మార్కులు వేసే జ్యూరీ గురువారం. హాలు తలుపులు ఎంత ఎత్తో, ఎన్నున్నాయో వాట్సాప్ చెయ్యమన్నాను, తేమ లాగే మిషన్ల లెక్క కట్టి ఇస్తానని. ఇంకా పంపలేదు.