బావికి ఒకటి, బండికి ఒకటి: రెండు వాచీలు వాడి చూశాక

హన్మకొండలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకునే నా దగ్గర 2016 నుంచి సైకో ఎస్‌కెఎక్స్007, 2018 నుంచి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ ఉన్నాయి. మొదటిది 15 వేల లోపే వచ్చింది. రెండోదానికి దాదాపు ఇరవై రెట్లు పెట్టడమే కాక, ఇంట్లో మాట కూడా పడాల్సి వచ్చింది.

సైకో 200 మీటర్ల లోతుకు తట్టుకునే డైవ్ వాచీ. పరకాల వైపు మా మోటరు బావి పది గజాలకు మించదు కాబట్టి ఆ శక్తిలో చాలా భాగం వృథాయే అనుకోవచ్చు. అయినా ఎండాకాలం పిల్లలకు ఈత నేర్పుతూ పొద్దంతా నీళ్లలో ఉన్నప్పుడు గానీ, మేడారం జాతరలో జంపన్న వాగులో మునిగినప్పుడు గానీ చేతికి ఏముందన్న ఆలోచనే రాలేదు. డయల్ చుట్టూ తిప్పగలిగే వలయం, అంటే బెజెల్, ఎడమ వైపుకే తిరుగుతుంది. ఎక్కడైనా తగిలి కదిలినా గడిచిన సమయాన్ని ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు. నీటి అడుగున గాలి లెక్క చూసుకునేవాడి ప్రాణం కోసం చేసిన ఏర్పాటు అది. నేను దాన్ని పరీక్ష హాలులో వాడతాను. ప్రశ్నపత్రం ఇవ్వగానే బెజెల్ మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పి పెడితే, తరువాత లెక్కలతో పని ఉండదు.

స్పీడ్‌మాస్టర్ 50 మీటర్ల వాచీ. వానకు భయం లేదు గానీ, దానితో బావిలో దూకే ధైర్యం నాకు లేదు. దాని సుఖం వేరు. రోజూ పొద్దున చాయ్ పూర్తయ్యేలోపు కీ ఇవ్వాలి. చివరికి వచ్చేసరికి కీ తిప్పే పక్క బుడిపె వేలికి గట్టిగా తగిలి, ఇక చాలంటుంది. రైల్లో సికింద్రాబాద్ వెళ్లేటప్పుడు కాజీపేట దాటాక కిటికీ దగ్గర కూర్చుని, కరెంటు స్తంభాల మీది కిలోమీటరు అంకె మారగానే వాచీలోని స్టాప్‌వాచీ మీట నొక్కి, మళ్లీ మారగానే ఆపుతాను. 36 సెకన్లు పడితే ముల్లు టాకీమీటరు, అంటే డయల్ చుట్టూ ఉన్న వేగం అంకెల వలయం మీద 100 దగ్గర ఆగుతుంది, అంటే బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతోందన్నమాట. ఈ ఒక్క ఆటకు అంత సొమ్ము అవసరమా అంటే నా దగ్గర జవాబు లేదు. ల్యాబులో లోలకం డోలనాలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఒక సంగతి మాస్టారుగా నన్ను గుచ్చుతుంది: నా వాచీలోని 1861 నంబరు యంత్రం సెకనుకు 6 సార్లు కొట్టుకుంటుంది, డయల్ మీద సెకనును మాత్రం 5 భాగాలు చేశారు, కాబట్టి ముల్లు ఆగే చోటు చాలాసార్లు గీతతో కలవదు.

విచిత్రమేమిటంటే, టైము సరిచేయడానికి బుడిపె లాగినప్పుడు ఈ రెండింటిలో దేనికీ సెకన్ల ముల్లు ఆగదు. సైకోకు చేత్తో కీ ఇవ్వడం కూడా కుదరదు, చేతి కదలికకే అది ఎక్కుతుంది. వరుస సెలవుల్లో బల్ల మీద వదిలేస్తే ఆగిపోతుంది. అది రోజుకు 18 సెకన్లు ముందుకు పోతుంటే వరంగల్‌లో ఒక ముసలి మెకానిక్ వెనక మూత తీసి, సన్నటి పుల్లతో లోపలి మీటను వెంట్రుకవాసి జరిపి, "ఇగ సూడు సారూ" అని ఇచ్చాడు. ఇప్పుడది 6 సెకన్లకు మించదు. స్పీడ్‌మాస్టర్‌ను మాత్రం హైదరాబాద్‌లో సర్వీసుకు ఇస్తే నాలుగు నెలలు తిప్పించుకున్నారు, బిల్లు సైకో ధరను దాటింది. దాని ప్లాస్టిక్ అద్దం మీద గీతలు తొందరగా పడతాయి, అయితే టూత్‌పేస్టు, మెత్తటి గుడ్డతో రుద్దితే అంతే తొందరగా పోతాయి.

నూటికి తొంభై రోజులు నా చేతికి ఉండేది సైకోయే. ఈ మోడల్ తయారీ ఆగిపోయింది. దాని పోలికలతో 2019లో వచ్చిన సైకో 5 స్పోర్ట్స్‌కు కీ ఇవ్వవచ్చు, సెకన్ల ముల్లునూ ఆపవచ్చు. కానీ అది 100 మీటర్ల వాచీ, బుడిపె నీళ్లు పోకుండా మర బిగించేది కాదు. బావిలో దూకే అలవాటున్నవాళ్లు కొనే ముందు ఆ సంగతి చూసుకోవాలి.